పదకొండింటి సైరన్ ఏమైంది?

పోయిన నెల ఎవరో జెండాని సగానికి ఎందుకు దించుతారని అడిగితే నాలుగు లైన్లు రాసి ఊరుకున్నా. ఇంక చూస్కోండి, ఉత్తరాలు, వాట్సాప్‌లు, ఒకాయనైతే ఏకంగా ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. అందరూ అటుతిప్పి ఇటుతిప్పి అడిగింది ఒకటే, చనిపోయిన సైనికుల కోసం దేశం మొత్తం ఆగడం అనేది ఎలా మొదలైంది, మనం అసలు ఆగుతున్నామా అని. అందుకే ఈసారి బ్యాంకు గొడవలు, పెళ్లి గొడవలు పక్కన పెట్టి కాలమ్ అంతా దీనికే ఇచ్చేస్తున్నా. చాలామంది పేరు వేయొద్దన్నారు కాబట్టి ఎవరి పేర్లూ వేయట్లేదు, ఊర్లు మాత్రం ఉంటాయి.

ప్రశ్న: మా చిన్నప్పుడు జనవరి 30న పొద్దున 11 గంటలకి మున్సిపాలిటీ సైరన్ మోగేది, రిక్షావాళ్లు కూడా దిగి నిలబడేవాళ్లు. మా మనవడికి చెప్తే తాతా నువ్వు కథలు చెప్తున్నావ్ అంటున్నాడు. ఆ సైరన్ తీసేశారా? అది గాంధీగారి కోసమా, సైనికుల కోసమా? (రిటైర్డ్ గుమాస్తా, తెనాలి)

కథ కాదండీ, మీ మనవడికి ఈ పేజీ చూపించండి. తీసేయలేదు కూడా. జనవరి 30న దేశమంతా ఎలా ఆగాలో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకి రాసే సూచనల్లో టైంతో సహా ఉంటుంది, 10:59 నుంచి 11 దాకా సైరన్, తర్వాత రెండు నిమిషాలు మౌనం, 11:02కి మళ్లీ ఒక నిమిషం సైరన్, అంటే ఇక పనులు చూస్కోవచ్చని. కలెక్టరేట్లలో, బడుల్లో, ఆఫీసుల్లో ఇప్పటికీ నిలబడతారు. పోయింది రోడ్డు మీద నిలబడటం. సైరన్ ఉన్న ఊళ్లో కూడా అది మోగితే ఏ మంటలో అనుకుని వెళ్లిపోతున్నారు, హారన్ల గోలలో అసలు వినపడితే కదా.

ఇక రెండో ప్రశ్న. 1948లో గాంధీగారిని కాల్చిన రోజు కాబట్టి ఆ తేదీ, కానీ ఆ మౌనం దేశ స్వాతంత్ర్యం కోసం ప్రాణాలిచ్చిన వాళ్లందరి కోసం. అంటే సూటిగా చెప్పాలంటే సైన్యం రోజు కాదు. మన దగ్గర తికమక ఎక్కడంటే అమరవీరులు అనే ఒక్క మాటతోనే నలుగురైదుగురిని పిలుస్తాం. జనవరి 30 అమరవీరుల దినమే, మార్చి 23 భగత్ సింగ్ వాళ్లని ఉరి తీసిన రోజు, అదీ అమరవీరుల దినమే. అక్టోబర్ 21 పోలీసు అమరవీరులది, 1959లో లద్దాఖ్‌లో హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా వాళ్ల కాల్పుల్లో పది మంది పోలీసులు చనిపోయిన రోజు. హైదరాబాద్‌లో అమరవీరుల స్తూపం అని ఆటోవాడికి చెప్తే గన్‌పార్క్ దగ్గర దింపుతాడు, అది 1969 తెలంగాణ ఉద్యమంలో పోయినవాళ్లది. సైనికులది చూడాలంటే సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక స్మారకం దగ్గరికి పోవాలి.

మరి సైనికులకి రోజు లేదా అంటే, ఉన్నాయి, ఒకటి కాదు బోలెడు. జులై 26 కార్గిల్, డిసెంబర్ 16 బంగ్లాదేశ్ యుద్ధం గెలిచింది, డిసెంబర్ 4 నేవీది, డిసెంబర్ 7 జెండా నిధి రోజు. చూశారా, వీటిలో ఎక్కువ గెలిచిన రోజులు. పోయినవాళ్ల కోసం, అందరం ఒకే టైంకి పని ఆపే రోజంటూ సైన్యానికి మన దగ్గర ఒక్కటి లేదు. జనవరి 26 పొద్దున పరేడ్‌కి ముందు ప్రధాని నేషనల్ వార్ మెమోరియల్‌లో పూలగుచ్ఛం పెట్టి మౌనం పాటిస్తారు చూడండి, నా లెక్కలో దానికి అదే కాస్త దగ్గర, కానీ ఆ టైంకి మనం ఇంట్లో ఉప్మా తింటూ శకటాలు ఎప్పుడొస్తాయా అని చూస్తుంటాం. నేనూ అంతే, అబద్ధం ఎందుకు.

ప్రశ్న: రెండు నిమిషాలే ఎందుకు? ఒకటో, ఐదో ఎందుకు కాదు? ఎవరు కనిపెట్టారు? (డిగ్రీ స్టూడెంట్, హన్మకొండ)

తమ్ముడూ, ఈ ప్రశ్నకి నేను లండన్ అని చెప్తానని అనుకుంటున్నావేమో. కాదు, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్.

అక్కడ సిగ్నల్ హిల్ అని గుట్ట ఉంది, దాని మీద ఆదివారాలూ సెలవులూ తప్ప రోజూ మధ్యాహ్నం సరిగ్గా 12కి ఫిరంగి పేలుస్తారు, ఊరంతా దాన్నిబట్టి గడియారాలు దిద్దుకునేవాళ్లు. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తోంది, ఫ్రాన్స్ నుంచి చావు కబుర్లు వస్తూనే ఉన్నాయి, ఆ ఊరి మేయర్ హ్యారీ హ్యాండ్స్ కొడుకు కూడా ఆ ఏప్రిల్‌లోనే పోయాడు. మే 14న మేయర్ ఒక ఏర్పాటు చేశాడు, ఫిరంగి పేలగానే ట్రాములు ఆగాలి, మనుషులు ఆగాలి, టోపీలు తీయాలి, బజార్లో ఒక మేడ బాల్కనీ నుంచి ఒకతను బ్యూగుల్ మీద లాస్ట్ పోస్ట్ అనే సైనిక కూత ఊదుతాడు. మొదటి రోజు మూడు నిమిషాలు పెట్టారు. మరీ ఎక్కువైందని తర్వాత రెండుకి తగ్గించారు. అదన్నమాట నీ రెండు నిమిషాల రహస్యం, అందులో శాస్త్రమేం లేదు, నడిరోడ్డు మీద మనిషి ఎంతసేపు కదలకుండా నిలబడగలడో చేసి చూస్తే తేలిన లెక్క. ఏడాదికోసారి కాదు, రోజూ చేశారు, యుద్ధం ఆగాక కూడా కొన్నాళ్లు.

అది చూసినవాళ్లలో సర్ పెర్సీ ఫిట్జ్‌పాట్రిక్ అనే ఆయన ఉన్నాడు. ఆయన పెద్ద కొడుకు 1917 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. యుద్ధం 1918 నవంబర్ 11న పొద్దున 11కి ఆగింది కదా, ఏడాది తిరిగేసరికి ఆ గంటకి సామ్రాజ్యం అంతా ఇలా ఆగితే బావుంటుందని లండన్‌కి రాశాడు, ఒక నిమిషం పోయినవాళ్లకి, ఇంకో నిమిషం వెనక మిగిలినవాళ్లకి అని. అంతకు ముందే, 1919 మేలో, ఎడ్వర్డ్ హనీ అనే ఆస్ట్రేలియా జర్నలిస్టు కూడా లండన్ పేపర్‌కి ఇలాంటి ఉత్తరమే రాశాడు, ఆయన ఐదు నిమిషాలు అడిగాడు. ఎవరి మాట చెల్లిందనేది ఇప్పటికీ వాదించుకుంటారు. మొత్తానికి 1919 నవంబర్ 7న ఐదో జార్జి రాజు ప్రకటన ఇచ్చాడు, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి అంతా ఆగారు. కొడుకులు పోయిన ఇద్దరు తండ్రులు ఈ అలవాటుకి మొదట్లో ఉన్నారన్నది నాకు మాత్రం చదివిన దగ్గర్నుంచి మర్చిపోబుద్ధి కావట్లేదు.

మన సభల్లో రెండు నిమిషాలు అంటే ఎంతో తెలుసుగా. నేను ఒకసారి వాచీ చూశా, ఇరవై రెండు సెకన్లు. ఎవరో దగ్గారు, నిర్వాహకుడు కంగారుపడి ‘ధన్యవాదాలు, కూర్చోండి’ అనేశాడు.

ప్రశ్న: పరేడ్‌లో తుపాకీ తలకిందులుగా ఎందుకు పట్టుకుంటారు సార్? (తొమ్మిదో తరగతి, నంద్యాల)

మా మంచి ప్రశ్న. సైనికుడి చేతిలో తుపాకీ గొట్టం ఎప్పుడూ పైకో ఎదురుగానో ఉంటుంది, అది నేలకి తిరిగిందంటే ఇప్పుడు దీనితో పని లేదు, దుఃఖంలో ఉన్నాం అని. మన ఆర్మీలో దానికి ఆర్డరే ఉంది, ‘శోక్ శస్త్ర్’ అంటారు, మెల్లగా తిప్పి గొట్టాన్ని బూటు మీద ఆనించి తల దించుతారు. ఢిల్లీలో ఇండియా గేట్ కింద దాదాపు యాభై ఏళ్లు ఉన్న అమర్ జవాన్ జ్యోతి ఫొటో చూసే ఉంటావు, బోర్లించిన రైఫిల్, దాని మీద హెల్మెట్. 1971 యుద్ధం తర్వాత, 1972 జనవరి 26న ఇందిరాగాంధీ మొదలుపెట్టిన జ్యోతి అది. 2022 జనవరి 21న దాన్ని తీసుకెళ్లి పక్కనే ఉన్న నేషనల్ వార్ మెమోరియల్ జ్యోతిలో కలిపారు, ఆర్పేశారని కొందరు, కలిపారని కొందరు అప్పుడు పెద్ద గొడవే అయింది, మీ సోషల్ మాస్టారిని అడిగితే ఇంకో గంట చెప్తారు.

లాస్ట్ పోస్ట్ అన్నా కదా ఇందాక. అది మొదట చావు పాట కాదు. క్యాంపులో రాత్రి కాపలా పోస్టులన్నీ చూసుకుంటూ వచ్చి చివరి పోస్టు కూడా చూసేశాక ఊదే బ్యూగుల్, అంతా సరిగ్గానే ఉంది, ఇక పడుకోండి అని. అదే సమాధి దగ్గర ఊదితే నీ డ్యూటీ అయిపోయింది పడుకో అని అర్థం వచ్చింది. మౌనం అయ్యాక ‘రౌజ్’ ఊదుతారు, అది పొద్దున నిద్రలేపే కూత. మనకి, బతికున్నవాళ్లకి.

ప్రశ్న: అన్నా, మే నెలాఖరులో ఆఫీసులో అందరికీ హ్యాపీ మెమోరియల్ డే అని మెసేజ్ పెట్టా. ఒక అమెరికన్ కొలీగ్ రిప్లై ఇవ్వలేదు, తర్వాత తెలిసింది ఆయన తమ్ముడు ఇరాక్‌లో పోయాడని. తప్పు చేశానా? లాంగ్ వీకెండ్, సేల్స్, బార్బెక్యూ, నేను పండగే అనుకున్నా. (డల్లాస్)

నువ్వొక్కడివే కాదు, అక్కడ పుట్టినవాళ్లే సగం మంది అలా అంటారు, కాబట్టి మరీ కుమిలిపోకు. కానీ తేడా తెలుసుకో. నవంబర్ 11 వెటరన్స్ డే, అది సైన్యంలో చేసినవాళ్లందరిదీ, బతికున్నవాళ్లకి థాంక్స్ చెప్పొచ్చు. మే ఆఖరి సోమవారం మాత్రం తిరిగి రానివాళ్లది. సివిల్ వార్ తర్వాత 1868లో జనరల్ లోగన్ మే 30న సమాధుల మీద పూలు పెట్టండని పిలుపిచ్చాడు, అందుకే మొదట్లో దాన్ని డెకరేషన్ డే అనేవాళ్లు. 1971 నుంచి లాంగ్ వీకెండ్ కోసం ఆఖరి సోమవారానికి మార్చారు, ఇక అక్కడ్నుంచి పరుపుల సేల్స్ వచ్చేశాయి. జనం మర్చిపోతున్నారని 2000లో మళ్లీ ఒక చట్టం చేశారు, ఆ రోజు మధ్యాహ్నం 3కి ఎక్కడున్నా ఒక్క నిమిషం ఆగమని. జెండా కూడా చూడు, పొద్దున్నుంచి మధ్యాహ్నం 12 దాకా సగంలో ఉంటుంది, 12 దాటగానే పైకి ఎక్కిస్తారు.

ఎప్పుడైనా వాషింగ్టన్ వెళ్తే నేషనల్ మాల్, మ్యూజియం అంటూ తిరిగి వచ్చేయకుండా ఆర్లింగ్టన్ సైనిక శ్మశానానికి వెళ్లు. అక్కడ అన్‌నోన్ సోల్జర్, అంటే పేరు తెలియని సైనికుడి సమాధి దగ్గర గార్డు 21 అడుగులు నడుస్తాడు, 21 సెకన్లు ఆగుతాడు, మళ్లీ 21 అడుగులు, 1937 నుంచి రాత్రీ పగలూ ఆగలేదు, మంచు పడినా అంతే. మెమోరియల్ డేకి ముందు సైనికులు రెండు లక్షలకి పైగా సమాధులకి చిన్న చిన్న జెండాలు గుచ్చుతారు, రాయికి ఎంత దూరంలో అంటే ఒక బూటు పొడవు. టేపు అక్కర్లేదు, కాలు పెట్టి కొలవడమే.

మీ కొలీగ్ దగ్గరికి వెళ్లి సారీ తెలియక పెట్టా, మీ తమ్ముడి పేరేంటి అని అడుగు. అంతే, ఇంకేం మాట్లాడకు, ఆయనే చెప్తాడు.

ప్రశ్న: విశాఖ బీచ్‌లో యుద్ధ స్మారకం మీదకి పిల్లలు ఎక్కి ఫొటోలు దిగుతుంటే మా వారు అరిచారు, పిల్లల తల్లి మా మీద ఎగిరింది, ‘ఇదేమన్నా గుడా’ అని. మీరు చెప్పండి. (గృహిణి, ఎంవీపీ కాలనీ)

మీవారు అరవకుండా చెప్పుంటే బావుండేది, అంతకంటే ఆయన తప్పేం లేదమ్మా. ఆ విక్టరీ ఎట్ సీ స్మారకం 1996లో కట్టారు, 1971 యుద్ధం కోసం. విశాఖ వాళ్లకి ఆ యుద్ధం పుస్తకంలో పాఠం కాదు, గడప ముందు జరిగింది, డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మీ తీరానికి దగ్గర్లోనే మునిగింది, మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలతో (నీళ్లలో పేలే బాంబులు) అని మన నేవీ, లోపలే పేలిందని వాళ్లు. డిసెంబర్ 4 అంటే కరాచీ మీద మన మిస్సైల్ బోట్లు దాడి చేసిన రోజు, అదే నేవీ డే. కొన్నేళ్ల కిందటి దాకా ఆ సాయంత్రం విన్యాసాలకి లక్షల మంది బీచ్‌కి వచ్చేవాళ్లు, హెలికాప్టర్లు, మార్కోస్ కమాండోలు, లైట్లు, సందడే సందడి. కానీ అదే రోజు పొద్దున్నే ఆ స్మారకం దగ్గర యూనిఫాంలో కొద్దిమంది పూలగుచ్ఛం పెట్టి నిలబడతారు, దానికి జనం రారు. ఒక్కసారి పొద్దున వెళ్లి చూడండి, విన్యాసాల కంటే అదే గుర్తుంటుంది.

ఇంకో మాట. నేవీలో పోయినవాళ్లకి చాలాసార్లు సమాధి ఉండదు, చితి ఉండదు. అదే యుద్ధంలో డిసెంబర్ 9న ఐఎన్ఎస్ ఖుక్రీ అరేబియా సముద్రంలో మునిగితే 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదల్లేదు. వాళ్ల ఇంట్లోవాళ్లు ఎక్కడికెళ్లి దండం పెట్టుకోవాలి చెప్పండి, సముద్రానికా? డయ్యూలో స్మారకం ఉంది, మన దగ్గర ఇది ఉంది. అందుకే ఆ రాయి మామూలు రాయి కాదు, ఎవరో ఒకరికి అదే శ్మశానం. ఆ తల్లి అడిగినట్టు గుడి కాదు నిజమే, కానీ పక్కింటివాళ్ల తద్దినం జరుగుతుంటే వాళ్ల అరుగు మీద మనం ఎక్కి గెంతం కదా.

ఘాజీలో పోయిన తొంభైమందికి పైగా మనుషులు కూడా అక్కడే నీళ్లలో ఉన్నారు. ఇది రాస్తే కొందరు నన్ను తిడతారు, తెలుసు. రాయాలనిపించింది, రాశా.

ప్రశ్న: వేరే దేశాల్లో నిజంగా రోడ్డు మీద కార్లు ఆపేస్తారా? యూట్యూబ్‌లో చూశా, ఎడిటింగ్ అంటున్నాడు మా అన్న. (ఇంజినీరింగ్ విద్యార్థిని, ఒంగోలు)

ఎడిటింగ్ కాదమ్మా. నువ్వు చూసింది ఇజ్రాయెల్ అయ్యుంటుంది. వాళ్ల స్మారక దినం ముందురోజు రాత్రి 8కి ఒక నిమిషం, మర్నాడు పొద్దున 11కి రెండు నిమిషాలు సైరన్. హైవే మీద డెబ్బై ఎనభై స్పీడులో పోయేవాళ్లు కూడా కారు ఆపి, డోర్ తీసి, పక్కన దిగి నిలబడతారు. అక్కడ దాదాపు ప్రతి ఇంటి నుంచి సైన్యంలో చేసినవాళ్లుంటారు, కాబట్టి ఎవరో చెప్తే ఆగేది కాదది. ఆ రోజు చీకటి పడగానే వాళ్ల స్వాతంత్ర్య దినోత్సవం మొదలవుతుంది, ఏడుపు తుడుచుకునే టైం కూడా ఇవ్వరు, ఇది కావాలనే అలా పెట్టుకున్నారు. దక్షిణ కొరియాలో జూన్ 6న పొద్దున 10కి ఒక నిమిషం సైరన్. నెదర్లాండ్స్‌లో మే 4 రాత్రి 8కి రెండు నిమిషాలు, బస్సులూ రైళ్లూ కూడా ఆగుతాయి.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఏప్రిల్ 25, ఆన్జాక్ డే, తెల్లవారుజామున చీకట్లో లేచి వెళ్లి నిలబడతారు, 1915లో వాళ్లవాళ్లు టర్కీలో గల్లిపోలి ఒడ్డున దిగింది ఆ వేళకే. ఆ గల్లిపోలిలో మన భారతీయ సైనికులు కూడా వేలమంది ఉన్నారు, కంచర గాడిదల మీద నీళ్లూ తూటాలూ మోసింది ఎక్కువ మనవాళ్లే.

కానీ నన్నడిగితే అన్నిట్లోకి నాకు నచ్చింది బెల్జియంలో ఈప్ర అనే చిన్న ఊరు. అక్కడ మెనిన్ గేట్ అని పెద్ద తోరణం, దాని గోడల నిండా శవం కూడా దొరకని 54 వేలకి పైగా సైనికుల పేర్లు. రోజూ రాత్రి 8కి పోలీసులు ట్రాఫిక్ ఆపుతారు, ఊరి ఫైర్ స్టేషన్ వాళ్లు వచ్చి బ్యూగుల్ మీద లాస్ట్ పోస్ట్ ఊదుతారు. 1928లో మొదలైంది. ఏడాదికోసారి కాదమ్మా, రోజూ, వానలో కూడా, వినడానికి ఇద్దరే ఉన్నా సరే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఊరు పట్టుకున్నప్పుడు నాలుగేళ్లు ఆగింది, 1944 సెప్టెంబర్ 6న పోలండ్ సైన్యం ఊరు విడిపిస్తుంటే ఇంకో వైపు కాల్పులు ఆగకముందే ఆ రాత్రే ఊదేశారు. ఆ గోడ మీద మనవాళ్ల పేర్లు కూడా నాలుగొందలకి పైగా ఉన్నాయి. ఆ మనుషుల ఊళ్లలో వాళ్ల కోసం ఎవరూ ఆగి ఉండరు, అక్కడెక్కడో ఫైర్ ఇంజన్ నడిపే మనిషి రాత్రి అన్నం వేళకి వచ్చి ఆగుతున్నాడు.

ప్రశ్న: ఈ మౌనాలూ, పూలగుచ్ఛాలూ, కొవ్వొత్తులూ అన్నీ తెల్లోళ్ల పద్ధతులు. మనకంటూ ఏమీ లేవా? ఎందుకు వాళ్లని కాపీ కొట్టాలి? (రైతు, మాచర్ల)

అయ్యా, మాచర్లలో కూర్చుని నన్ను ఈ మాట అడుగుతున్నారా! మీ ఊరి నుంచి కారంపూడి ఎంత దూరమండీ?

మిగతావాళ్ల కోసం చెప్తా. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దంలో, 1182 ప్రాంతం అంటారు, అన్నదమ్ముల పోరు, ఇటు నాగమ్మ అటు బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు, అందరికీ తెలిసిందే. కారంపూడి దగ్గర ఆ యుద్ధం జరిగిన నేల మీదే నాగులేరు పక్కన వీరుల గుడి ఉంది. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఆరాధన, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఆ యుద్ధం కథలోని ఘట్టాలు రోజుకొకటి. వీరాచారం ఉన్న కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో తమ వీరుడి ఆయుధం పట్టుకుని వస్తాయి, నాగులేట్లో కడిగి పసుపు కుంకుమ పెట్టి ఊరేగిస్తాయి, మందపోరు రోజు బ్రహ్మనాయుడి చాపకూడు, కులం చూడకుండా అందరికీ ఒకే చాప మీద అన్నం. ఎనిమిది వందల ఏళ్ల కిందట పోయినవాళ్లు! లండన్‌లో స్మారకం వయసు వందేళ్లు.

తేడా ఒకటే. వాళ్లు మౌనంగా ఉంటారు, మనం మౌనంగా ఉండం. కత్తి పట్టుకుని, డప్పు కొట్టి, పూనకం వచ్చి, ఏడ్చి, చివరికి అన్నం పెడతాం. రెండూ ఆగడమే, ఆ ఐదు రోజులు కారంపూడిలో వేరే పని జరగదుగా. ఇంక వీరగల్లుల సంగతి, రాయలసీమలో తెలంగాణలో ఊరి బయట చూడండి, కత్తో బల్లెమో పట్టిన మనిషి చెక్కిన రాయి, పైన అప్సరసలు అతన్ని మోసుకుపోతుంటారు, ఆ పైన శివలింగం. ఊరి ఆవుల్ని కాపాడుతూ పోయినవాడో, ఊరి కోసం పోరాడి పోయినవాడో. అది ఎవరి రాయో తెలీక కొన్ని చోట్ల దేవుణ్ని చేసి కొబ్బరికాయ కొడతారు, కొన్ని చోట్ల బర్రెని కట్టేస్తారు. పేరు చెక్కనివాటి గతి అంతేనండీ, ఢిల్లీ మెమోరియల్ వాళ్లు పేరు మీద అంత పట్టు పట్టింది ఊరికే కాదు. 2019 ఫిబ్రవరి 25న మొదలైనప్పుడే అక్కడ త్యాగ చక్ర గోడల మీద 25,942 పేర్లు, ఒక్కో పేరుకి ఒక్కో గ్రానైట్ పలక.

ప్రశ్న: నా భర్త ఆర్మీలో పోయి మూడేళ్లు. వచ్చిన రోజు ఊరంతా, చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చాయి, బైకుల ర్యాలీ, మైకులు, లీడర్లు, ఆయన ఫొటో కంటే వాళ్ల ఫొటోలు పెద్దవి. సంవత్సరీకానికి పది మంది. మొన్న మూడో ఏడు, మా ఇంట్లోవాళ్లమే. కోపం కాదండీ, మర్చిపోతారని తెలుసు. కానీ నా కొడుక్కి ఏం చెప్పాలి? వాడికి ఆరేళ్లు. (ప్రకాశం జిల్లా)

చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండు రోజులు టేబుల్ మీదే పెట్టుకున్నా.

కోపం ఉన్నా తప్పు లేదు. ఆ రోజు వచ్చిన జనంలో నిజంగా ఏడ్చినవాళ్లు కూడా ఉన్నారమ్మా, 2020 జూన్‌లో కర్నల్ సంతోష్ బాబు గల్వాన్‌లో పోయినప్పుడు సూర్యాపేటలో కరోనా భయం కూడా పక్కన పెట్టి రోడ్ల పక్కన నిలబడ్డవాళ్లు ఎవరూ డబ్బులిస్తే వచ్చినవాళ్లు కాదు. ఆయనకి మహావీర చక్ర వచ్చింది, సూర్యాపేటలో విగ్రహం ఉంది, ఆ దారిన పోయేవాళ్లు రోజూ చూస్తారు. నీ భర్తకి విగ్రహం లేకపోవచ్చు. ఉన్నా లేకపోయినా మీ అబ్బాయికి కావలసింది అది కాదనుకుంటా.

నీ దగ్గర జెండా ఉంది కదా, పెట్టె మీద కప్పింది. దాన్ని చితి మీద కాల్చకూడదని రూలు, కాషాయం తల వైపు వచ్చేలా కప్పి, చివర్లో తీసి మడిచి ఇంటివాళ్ల చేతిలో పెడతారు. అది నీకిచ్చారంటే అది నీదే. బీరువాలో అడుగున పెట్టావేమో, తీసి అబ్బాయికి చూపించు, ముట్టుకోనివ్వు. వాడు ఏం అడుగుతాడో దానికే జవాబు చెప్పు, వాడు అడగని పెద్ద మాటలు ఇప్పుడొద్దు. నాన్న ఏం తినేవాడు, ఎలా నవ్వేవాడు, లీవులో వస్తే ఏం తెచ్చేవాడు, ఆరేళ్లవాడికి అవే కావాలి.

ఇంకోటి, ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్‌లో రోజూ సాయంత్రం ఒక అమరుడి ఇంటివాళ్లతో పూలగుచ్ఛం పెట్టించే కార్యక్రమం ఉంది. మంత్రులు కాదు, ఇంటివాళ్లు. మీ జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో గానీ ఆయన రెజిమెంట్ రికార్డ్ ఆఫీసులో గానీ అడుగు, ఎలా రాయాలో చెప్తారు. నేను ఒక సాయంత్రం అక్కడ ఉన్నా. ఎవరో పల్లెటూరి పెద్దావిడ, హిందీ కూడా సరిగ్గా రాదనుకుంటా, ఆ పలకల మధ్యలో తన కొడుకు పేరు దొరికాక చేత్తో తడుముతూ ఉండిపోయింది, వెనక ఉన్న జనం ఎవరూ చెప్పకుండానే ఆగిపోయారు. ఎంతసేపో నేను వాచీ చూడలేదు.

ప్రశ్న: మా స్కూల్లో మౌనం అంటే పిల్లలు నవ్వాపుకోలేరు. తిడితే ఇంకా నవ్వొస్తుంది. ఏదైనా ఉపాయం? (టీచర్, తాడేపల్లిగూడెం)

మేమూ నవ్వామండీ, నన్ను బెంచీ ఎక్కించారు కూడా. ఎవరి కోసమో తెలీకుండా నిలబడమంటే నవ్వే వస్తుంది, పెద్దవాళ్లమైతే ఫోన్ చూస్కుంటాం, అంతే తేడా. ఆస్ట్రేలియాలో కాన్‌బెరా వార్ మెమోరియల్‌లో 2013 నుంచి రోజూ మూసేముందు లాస్ట్ పోస్ట్ వేస్తారు, వేసేముందు ఒకే ఒక్క సైనికుడి కథ చదువుతారు, ఏ ఊరు, ఏం పని చేసేవాడు, ఎలా పోయాడు. లక్షకి పైగా పేర్లున్నాయి, రోజుకొకటి. అదే చేయండి. మీకు పక్కనే మాధవరం ఉంది, మిలటరీ మాధవరం, ప్రపంచ యుద్ధాల కాలం నుంచి ఇంటికొకరు సైన్యానికి పోయిన ఊరు, అక్కడికి నలుగురు పిల్లల్ని పంపి ఒక్క పేరు, ఒక్క ఇల్లు కనుక్కుని రమ్మనండి. అసెంబ్లీలో ఆ పిల్లలతోనే రెండు నిమిషాలు చదివించి, తర్వాత ఒక్క నిమిషం నిలబెట్టండి చాలు, రెండు వద్దు. ఎవరన్నా నవ్వితే నాకు రాయండి, బెంచీ ఎక్కడానికి నేనే వస్తా.